గోడవతలికి విసిరిన కారు

స్పీడు మావయ్య అనే పేరు ఆయనకి మేమే పెట్టాం. సందు చివర కనిపించిన మనిషి టీ కొట్టు బల్ల దాకా వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగి, దించి, చల్లారిపోతాయి కూడా. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున చొక్కా గుండీలు ఒకదానికొకటి పొంతన లేకుండా పెట్టుకుని, రుసరుసలాడుతూ, ఒక్క అంగలో మురిక్కాలవ దాటి వచ్చాడు. వస్తూనే చేతిలో ఉన్నదాన్ని బిస్కెట్ల సీసా పక్కన ఠపీమని పెట్టాడు. నల్లగా, గుండ్రంగా, నిమ్మకాయంత ఉంది. కారు గేరు రాడ్డు మీద ఉండే బుడిపె.

"ముందు టీ పొయ్యి. కాదు, ముందు న్యాయం చెప్పండి, తర్వాత టీ," అన్నాడు.

బల్ల మీద నేనూ, రిటైరైన పోస్ట్‌మాన్ పెదనాన్నా, కరెంటు పనులు చేసే తమ్ముడూ ఉన్నాం. పొయ్యి దగ్గర కొట్టాయన. మమ్మల్ని అందర్నీ ఒకసారి కోపంగా చూశాడు, అదేదో మేమే చేసినట్టు.

"సొంత షెడ్డు. నా చేతులతో రేకులు వేసుకున్న షెడ్డు. పొద్దున లేచి తలుపు తీద్దును కదా, కుట్టుమిషన్లు. ఒకటి కాదు, గోడవారగా వరసగా. మధ్యలో మీ అత్తయ్య స్టూలేసుకుని కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. నా పానాలు, నా సుత్తులు, నా ఆకురాళ్ళు అన్నీ గోనెసంచిలో కుక్కి గుమ్మం బయట. మొగుడి పనిముట్లు గుమ్మం బయట పెట్టే మనిషిని ఎక్కడన్నా చూశారా మీరు?"

"పందెం మీరే కదా మావయ్యా వేసింది," అన్నాడు కరెంటు తమ్ముడు. "ఈ ఆదివారానికి కారు రోడ్డెక్కకపోతే షెడ్డు నీదే అని అత్తయ్యతో అన్నానని, ఇదే బల్ల మీద కూర్చుని చెప్పారు."

"అన్నాను. కాదన్నానా? రోడ్డెక్కలేదని నీకెవరు చెప్పారు? ఎక్కింది. అలా ఇలా ఎక్కలేదు. మీ అత్తయ్య నమ్మదు, అదీ నా ఖర్మ. ఇన్నాళ్ళూ వంటింట్లో మిషన్ పెట్టుకుని కుట్టిందట, కూరలో దారప్పోగులు వచ్చాయట, అందరి జాకెట్లకీ పోపు వాసన పట్టిందట, అందుకని షెడ్డు కావాలట. పోపు వాసన పడితే ఏం, మంచిదే, కట్టుకున్నవాళ్ళకి ఆకలేస్తుంది. అదిగాక 'ఆ బుడిపె ఇటివ్వండి' అని చెయ్యి చాపుతుంది. ఎందుకిస్తాను? నాకు మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే. ఇది జేబులో వేసుకుని బయటికొచ్చేశాను. ఇప్పుడు మీరు ముగ్గురూ లేచి నాతో వచ్చి, కారు నడవడం మా కళ్ళతో చూశామని ఆవిడ ముందు ఒక్క మాట చెప్పాలి. అంతే. షెడ్డు నాకొచ్చేస్తుంది."

"మేం చూడలేదు కదా," అన్నాడు పోస్ట్‌మాన్ పెదనాన్న.

"చెప్తాను కదా. నేను చెప్తే చూసినట్టే."

"ఇంతకీ కారేది ఇప్పుడు?"

"అక్కడికే వస్తున్నాను. మధ్యలో అడ్డు రావద్దు. ఈ ఊళ్ళో ఒక మనిషి ఒక మాట పూర్తిగా చెప్పడానికి కూడా లేదు."

కొట్టాయన టీ పోసి ఇచ్చాడు. మావయ్య దాన్ని ముట్టుకోలేదు. బుడిపెని అరచేతిలో పెట్టుకుని తిప్పుతూ మొదలుపెట్టాడు.

"ఆ కారు నాకెక్కడ దొరికింది? కలప అడితి వెనకాల, ముళ్ళకంపలో. చిన్న కారు. రెండే తలుపులు, ముందు గుండ్రంగా రెండు లైట్లు, ఎప్పుడో మన తాతల నాటి మోడలు, ఇప్పుడు కావాలన్నా చెయ్యరు. ఒకప్పుడు మీగడ రంగట. నేను చూసేసరికి మొత్తం తుప్పే, వేలు పెడితే లోపలికి పోయేది. దాన్నిండా కోళ్ళ కాపురం. డ్రైవరు సీట్లో ఒక పెట్ట గుడ్లు పొదుగుతోంది, నేను తలుపు తీస్తే అది నన్ను లైసెన్సు అడిగినట్టు చూసింది. అడితి ఆయన 'కొన్నావు సరే, ఎలా తీసుకుపోతావు' అన్నాడు. తాడు కట్టి లాక్కుపోతానన్నాను. అంతవరకు మామూలే. ఎవరైనా చేసేదే."

"మీ బావమరిది వెనక నుంచి తోశాడుగా. నేను చూశాను," అన్నాడు పెదనాన్న.

"వాడా? వాడు వెనకాల నడిచాడు. నడవడం వేరు, తొయ్యడం వేరు. వాడి పేరు ఎత్తకండి నా ముందు. తాడు నా నడుముకి కట్టుకుని నేనొక్కణ్ణే లాగాను. ఎదురు ఎత్తు. సగం ఎక్కాక కాస్త బరువు తెలిసింది. ఇదేమిటా అని వెనక్కి తిరిగి చూద్దును కదా, మన కారు వెనక బంపరుకి ఇటుకల లారీ ఒకటి తగులుకుని వస్తోంది. దాని డ్రైవరు స్టీరింగ్ మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. పాపం ఎందుకు లేపడమని అలాగే లాక్కొచ్చాను."

"లారీని."

"ఇటుకలతో ఉన్న లారీని. ఎవరితోనన్నా అన్నానా? చెప్పుకునే అలవాటు నాకు లేదు. అదే వాడైతే, ఆ బావమరిది, ఒక సైకిలు తోసినా ఊరంతా చాటింపు వేయించేవాడు."

టీ మీద మీగడ కట్టింది. ఆయన చూడలేదు.

"షెడ్డులో పెట్టి గీకడం మొదలుపెట్టాను. గరుకు కాగితం తెచ్చి రుద్దితే, కాగితం అరిగి అద్దంలా అయిపోయేది. మీ అత్తయ్య అందులో చూసుకుని జడ వేసుకునేది. నేను రుద్దిన ధాటికి వచ్చిన తుప్పు పోగేస్తే షెడ్డు రేకుల దాకా వచ్చింది. ఆ పోగు మీదికి ఎక్కి నిలబడి కారు టాపు గీకాను. చివరికి తూకం వేస్తే కారు కంటే తుప్పు బరువెక్కువ. దానికి వాడేమన్నాడో తెలుసా? 'బావా, తుప్పంతా తీసేస్తే ఇంక పట్టుకుని ఉండటానికి కారుకి ఆధారమేముంది' అని పళ్ళికిలించాడు. మా ఇంటి గోడకి ఆనుకుని ఇల్లు కట్టుకున్నాడు, రోజూ పీట వేసుకుని గోడ మీద నుంచి తల పెడతాడు. ఇన్నేళ్ళు వాడికి అన్నం పెట్టాను. పెట్టింది మీ అత్తయ్యే అనుకోండి, అయినా కంచం నాది."

"మరి ఇంజను?" అన్నాడు కరెంటు తమ్ముడు. "తుప్పు గీకితే కారు నడవదు కదా."

"అక్కడే ఉంది నా బుర్ర. ఈ మెకానిక్కులున్నారు చూశావూ, దొంగ వెధవలు, ఎవరి దగ్గరికి వెళ్ళినా అది మార్చాలి, ఇది కొత్తది వెయ్యాలి అంటారు. వెయ్యడం, వెయ్యడం. తియ్యడం ఒక్కడికి తోచలేదు. నేనేం చేశాను? ముందు వెనక సీటు స్ప్రింగులు కిర్రుమంటున్నాయని పీకాను. పీకగానే కారు కాస్త పైకి లేచి నిలబడింది. నాకు అనుమానం వచ్చింది. సైలెన్సర్ తీశాను. ఇంకా లేచింది. రేడియేటర్ తీశాను, తర్వాత ఫ్యాను, తర్వాత కార్బురేటర్. తీసిన కొద్దీ దానికి ఒంట్లో బాగున్నట్టు తెలిసిపోతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజను తీశాను."

"ఇంజనే తీసేశారా?"

"బరువంతా దానిదే కదయ్యా. అంత ఇనప ముద్దని కడుపులో పెట్టుకుని ఏ కారైనా ఎలా పరిగెడుతుంది? నువ్వు పరిగెడతావా?"



"తీసినవన్నీ ఎక్కడ పెట్టారు?" అన్నాను నేను.

"పెట్టడమేమిటి. తీసినదాన్ని తీసినట్టు గోడవతలికి విసిరాను, వాడి పెరట్లోకి. పడాలి వాడి నెత్తి మీద. కావాలనే విసిరాను. అప్పుడు చూడాలి మీ అత్తయ్య వెటకారం. ఎప్పుడు చూసినా పుట్టింటి వాళ్ళ పెరట్లోనే ఉండేది కదా, నేను ఏది విసిరినా అటువైపు నుంచి 'అయిందా, ఇంకేమన్నా ఉందా' అని కేకేసేది. బోల్టు విసిరినా అంతే, 'ఇంకా ఉందా' అని. మొగుడు కష్టపడుతుంటే ఆ మాటేనా? నాకు ఒళ్ళు మండి ఇంకోటి పీకి విసిరేవాణ్ణి. ఒక రోజు గేరు పెట్టె విసిరితే, 'దీని తర్వాతది ఏది, వరస తప్పించకండి' అంది. చూశారా, ఎగతాళి. చేతుల నిండా సుద్ద. బట్టలు కత్తిరించే ముందు గీతలు గీసే ఆ సుద్ద ముక్క పట్టుకునే తిరుగుతుంది, ఎక్కడ పడితే అక్కడ గీతలే."

పెదనాన్న నా వైపు చూశాడు. కొట్టాయన గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు.

"సరే, ఇంజను కూడా పోయాక?" అన్నాడు పెదనాన్న.

"పోయాక ఎక్కి కూర్చున్నాను. కూర్చుని ఇలా బుడిపె మీద చెయ్యి వేశాను. వేశానో లేదో, కదిలింది. షెడ్డులోంచి రోడ్డు మీదకి, రోడ్డు మీద నుంచి పెద్ద రోడ్డు మీదకి. నేనేమీ చెయ్యడం లేదు. పెట్రోలు బంకు దగ్గర ఆపాను. చూస్తే ట్యాంకు నిండి పొర్లిపోతోంది. బంకు కుర్రాణ్ణి పిలిచి, 'ఒరే, డబ్బా తెచ్చి కాస్త పట్టుకుపో, బట్టల మీద పడుతోంది' అన్నాను. వాడికి ఆ రోజు నేను పోసిందే అమ్మకం."

"ఇంజను లేకపోతే పెట్రోలు ఎందుకు మావయ్యా?"

"అదే నేను చెప్పేది. అక్కర్లేదు కాబట్టే మిగులుతోంది. కరెంటు పని చేస్తావు, ఆ మాత్రం తెలియదా? నీ చేత మీటర్లు పెట్టించుకున్నవాళ్ళని అనాలి." ఆయన గొంతు పెరిగింది. అవతల చెప్పులు కుట్టించుకుంటున్న వాళ్ళు కూడా ఇటు తిరిగారు. "అక్కడ నుంచి రైలు పట్టాల పక్క రోడ్డు. పక్కన ఎక్స్‌ప్రెస్ రైలు. కిటికీలో కూర్చున్న ఒకాయన నన్ను చూసి, 'బాబూ, నువ్వు ముందు వెళ్తున్నావు, మా ఇంట్లో అన్నం వడ్డించమని చెప్పు' అన్నాడు. వెళ్ళి చెప్పాను. ఆవిడ బియ్యం కడిగి, వండి, వడ్డించి, ఆరిపోయిందని మళ్ళీ వేడి చేసింది. రైలు రాలేదు. నేనింక చూడలేక ఆ అన్నం నేనే తినేసి వచ్చాను."

"పోలీసులు పట్టుకోలేదా?" అన్నాను.

"ఎందుకు పట్టుకోరు, వాళ్ళకి కళ్ళు నా మీదే. ట్రాఫిక్ ఆయన ఈల ఊదాడు. ఊదాడని నాకెలా తెలుసు? బుగ్గలు ఉబ్బడం కనిపించింది. ఈల చప్పుడు మాత్రం నన్ను అందుకోలేదు. నేను అవతల ఊరు వెళ్ళి, వక్కపొడి కొనుక్కుని, తిరిగి వస్తుంటే మధ్య దారిలో ఎదురైంది ఆ ఈల. మలుపు దగ్గర ఆగాల్సి వచ్చింది, ఎందుకనుకున్నారు? నా నీడ వెనకబడిపోయింది. అది వచ్చేదాకా చెట్టు పక్కన నిలబడ్డాను. వచ్చి రొప్పుతోంది పాపం."

కరెంటు తమ్ముడు బల్ల మీద నుంచి జారిపోయేంత నవ్వాడు. మావయ్య బుడిపెతో బల్ల మీద ఒక్కటి కొట్టాడు.

"నవ్వు. అందరూ నవ్వండి. వాడూ ఇలాగే నవ్వాడు. మీ అత్తయ్య అయితే నవ్వను కూడా నవ్వదు, 'అలాగా' అంటుంది. ఆ 'అలాగా' ఉంది చూశారూ, దానికంటే చెప్పుతో కొడితే నయం. ఇంత చేసిన మనిషిని పట్టుకుని 'అలాగా'నా? అందుకే నిన్న సాయంత్రం తేల్చేద్దామని, పెద్ద రోడ్డు మీద బాగా తిన్నగా ఉన్న చోట, నాలుగో గేరు వేశాను. అంతవరకు మూడే వేశాను సుమా. నాలుగోది వేద్దామని ఇలా లాగానో లేదో..."

అరచెయ్యి తెరిచి చూపించాడు. బుడిపె చెమటకి మెరుస్తోంది.

"ఇది నా చేతిలో ఉంది. నేను రోడ్డు మీద కూర్చుని ఉన్నాను, ఇలా, కాళ్ళు ముందుకి చాపుకుని. కారు లేదు. నా కింద నుంచి వెళ్ళిపోయింది. దుమ్ము కూడా లేవలేదు, అంత వేగం. ఇప్పటికి ఏ దేశంలో ఉందో. పొద్దున షెడ్డులో కారేది అంటే ఎలా ఉంటుంది? నడవకపోవడం వల్ల లేకుండా పోయిందా, నడవడం వల్ల లేకుండా పోయిందా? మీరే చెప్పండి. చెప్పి, లేవండి. వచ్చి ఆవిడకి చెప్పండి. నేను ఇంకోసారి ఆ గోనెసంచి చూస్తే ఏం చేస్తానో నాకే తెలియదు."

ఎవరూ లేవలేదు. చివరి మాటల దగ్గర ఆయన బుడిపెని రెండు చేతులతో పట్టుకున్నాడు. అది కోపమే, కానీ అడుగున ఇంకేదో ఉంది. షెడ్డు పోతే ఆ మనిషి పొద్దున్నే ఎక్కడికి వెళ్తాడు?

"సాక్ష్యమంటే చూసి ఉండాలయ్యా," అన్నాడు పెదనాన్న మెల్లగా. "ఇన్నేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషిని, చూడనిది చూశానని నేను చెప్పలేను."

"నేను చెప్తాను," అన్నాడు కొట్టాయన.

మావయ్య గిర్రున తిరిగాడు.

"నేను చూశాను. ఆ కారు నడవడం నా కళ్ళతో చూశాను. గుండ్రటి లైట్లు, రెండు తలుపులు."

"అదీ మాట," మావయ్య లేచి నిలబడ్డాడు. "విన్నారా? విన్నారా అందరూ? ఒక్క మగాడు ఉన్నాడు ఈ సందులో. ఎప్పుడు చూశావు, నిన్న సాయంత్రమేనా?"

"ఈ పొద్దున. పొయ్యి వెలిగిస్తున్నాను, ఎత్తు మీద నుంచి దిగి వచ్చి ఇక్కడే ఆగింది. అత్తయ్య నడుపుతోంది. వెనకాల పీట వేసుకుని మీ బావమరిది."



"ఏ కారు?" అన్నాడు మావయ్య.

"మీరు గోడవతలికి విసిరిందే. విసిరినదాన్ని విసిరినట్టు అత్తయ్య దుప్పటి మీద వరసగా పేర్చి, సుద్దతో గీత పెట్టుకుందట. జాకెట్టు ముక్కలు పేర్చినట్టు. మీరు ఆఖరున విసిరింది ముందు బిగించాలి, మొదట విసిరింది ఆఖరున. అంతే కదా అంది. బోల్టులు బిగించింది మీ బావమరిది. అందుకే మిమ్మల్ని వరస తప్పించవద్దని మొత్తుకున్నదట."

"కారు గుల్ల? గుల్ల షెడ్డులోనే ఉంది. టార్పాలిన్ కింద. నేను రోజూ చూస్తున్నాను."

"టార్పాలిన్ చూస్తున్నారు. దాని కింద ఉన్నవి కుట్టడానికొచ్చిన బట్టల మూటలు. గుల్లని ఎప్పుడో నలుగురు పట్టి అవతలికి చేర్చేశారు. మీరు ఇక్కడ కూర్చుని పందెం సంగతి మాకు చెప్తున్న రోజు. రోజూ వచ్చి ఆ మూటలనే నిమిరి వెళ్తున్నారని చెప్పి అత్తయ్య నవ్వింది. ఒక్కటే తక్కువైందంది. గేరు రాడ్డు మీద బుడిపె. అది లేక కటింగ్ ప్లేయరుతో పట్టుకుని గేర్లు మారుస్తోంది."

మేం నలుగురం ఆయన చేతి వైపు చూశాం. ఆయన కూడా చూసుకున్నాడు. షెడ్డులో ఆ గుల్లలో కూర్చుని, నోటితో ఇంజను చప్పుడు చేస్తూ లాగుతుంటే ఊడి వచ్చి ఉంటుంది ఎప్పుడో, ఇంజను గోడవతల పడ్డాక.

మావయ్య బుడిపె మీద పిడికిలి మూశాడు. "అయితే కారు రోడ్డెక్కిందా లేదా?"

"ఎక్కింది."

"ఆదివారమేనా?"

"ఆదివారమే."

"ఎవరు ఎక్కించాలో పందెంలో అనుకోలేదు కదా. కారు రోడ్డెక్కాలి, అంతే. ఎక్కింది. షెడ్డు నాదే." వేలు చూపిస్తూ మళ్ళీ కోపం తెచ్చుకోబోయాడు. "నాదా కాదా?"

"ఈ మాట మీరు అంటారని అత్తయ్య ముందే చెప్పింది," అన్నాడు కొట్టాయన గ్లాసు తుడుస్తూ. "అంటే ఇలా చెప్పమంది. షెడ్డు మీదే అట. అందుకే మిషన్ల పక్కన మీకొక కుర్చీ వేసిందట. కూర్చుని ఎన్ని కథలైనా చెప్పుకోవచ్చు, వినడానికి ఆవిడకి అభ్యంతరం లేదు. చేతులు మాత్రం ఖాళీగా ఉండకూడదు, గుండీలు కుట్టాలి అంది."

మావయ్య ఒకసారి తన చొక్కా వైపు చూసుకున్నాడు. ఒక గుండీ తీసి సరైన కాజాలో పెట్టుకున్నాడు. మిగతావి వదిలేశాడు.

అప్పుడే ఎత్తు మీద హారన్ వినిపించింది, జలుబు చేసిన మనిషి పిలిచినట్టు. మీగడ రంగు అక్కడక్కడ, తుప్పు రంగు అక్కడక్కడ, తలుపుల మీద చెరగని సుద్ద గీతలతో ఆ చిన్న కారు దడదడలాడుతూ దిగి వచ్చి కొట్టు ముందు ఆగింది. ముందు సీట్లో ముసలావిడ, మావయ్య అత్తగారు, ప్రయాణానికి తయారై సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక పీట మీద బావమరిది తల తాకకుండా వంగి ఉన్నాడు. వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే మావయ్యకి కాస్త సుఖంగా ఉండేది.

అత్తయ్య ఇంజను ఆపకుండా, కిటికీలోంచి అరచెయ్యి బయటికి చాపింది. చేతికి నూనె మసి, వేళ్ళకి సుద్ద.

మావయ్య నడిచి వెళ్ళాడు. ఈసారి ఆయన మామూలు నడకే, అందుకని చాలా సేపు పట్టింది. ఆ చెయ్యి అలాగే ఉంది. బుడిపెని చొక్కాకి తుడిచి అందులో పెట్టాడు.

"మూడో గేరు గట్టిగా లాగాలి. పట్టేస్తుంది," అన్నాడు కోపంగా.

"తెలుసు," అంది అత్తయ్య. "అవతల ఎత్తు ఎక్కి వచ్చింది ఆ గేరులోనే."